మేడ మీద తెర బోసిపోకూడదట

కంప్యూటరుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, మూరెడు మల్లెపూలు చుట్టిన అంగట్లో నేను చాలాకాలం పనిచేశాను. ఆ పూజ మీద నాకు ఫిర్యాదు లేదు. మా వీధిలో లారీకి నిమ్మకాయలు కడతారు, కుట్టుమిషనుకి గంధం పెడతారు, తక్కెడకి హారతి ఇస్తారు. కంప్యూటరు మాత్రం ఏం పాపం చేసింది? అలాంటి కంప్యూటరు ముందే పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా నడుం వంచి కూర్చున్న మనిషిని పదిమంది ఎదుట పురుగును విదిలించినట్టు విదిలించారే, అక్కడ మండింది నాకు. ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

తొంభైల నడుమ మాట ఇది. వాషర్‌మెన్‌పేట్‌లో పంచెలు, తువ్వాళ్ళు, పావడా గుడ్డ, దుప్పట్లు టోకున అమ్మే అంగడి. కింద అంగడి, వెనక గోడౌను, పైన ముదలాళి ఇల్లు. ముదలాళి అంటే యజమాని. మద్రాసు తెలుగువాళ్ళం ఈ అరవ మాటను ఎప్పుడో ఇంట్లోకి పిలిచి కుర్చీ వేశాం, ఇప్పుడు లెమ్మంటే లేవదు. నేను ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టేసి అక్కడ మూటలు కట్టడానికి చేరాను. నేను దండం పెట్టకముందే మా లెక్కల మాస్టారు నాకు పెట్టేశాడన్నది వేరే సంగతి.

అంగడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని బిగించిన సాఫ్ట్‌వేరు ఆయన పురసవాక్కం నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయనకు పని నడుమ టీ కావాలి, టీతో కబుర్లు కావాలి. రెండూ నా దగ్గర దొరికేవి. కబుర్ల మధ్యనే పని కూడా నేర్పేశాడు. ముదలాళికీ ఇది నచ్చింది. చదువుకున్నవాణ్ణి పెట్టుకుంటే జీతం అడుగుతాడు, నేనైతే జోకులేసి ఊరుకుంటాను కదా.

గోడౌను పక్కన చిన్న గదిలో సర్వరు ఉండేది. సరుకు, రేట్లు, బిల్లులు అన్నీ దాని కడుపులోనే. బిల్లు సీటు, గోడౌను, గుమాస్తా, ముదలాళి గల్లా, మేడ మీది ఇల్లు, ఇలా చోటుకొక కంప్యూటరు వైరు పట్టుకుని ఆ కడుపులోకి దిగేది. ఆ క్షణాన లోపల ఎవరెవరున్నారో సర్వరు తెర మీద వరసగా కనిపించేది. ఒక పేరు మీద ఆగి మీట నొక్కితే, వాళ్ళు ఏ ఫైలు తెరిచి పట్టుకున్నారో కూడా చెప్పేది. డిలీట్ నొక్కితే ఆ మనిషి బయట. ఇంత సులభమైన పని మూటలు కట్టడంలో కూడా లేదు. చిక్కంతా ఏమిటంటే, బిల్లు కొడుతున్నవాళ్ళను నడిమధ్యలో తెంపితే ఆ బిల్లు సగం లోపలా సగం బయటా ఇరుక్కుని ఫైలునే పాడు చేస్తుంది. అందుకే సాఫ్ట్‌వేరు ఆయన మొదటి రోజే చెప్పాడు:

"ముందు లిస్టు చూడు. లేచిపోయి మనిషిని అడుగు. వాళ్ళంతకు వాళ్ళు బయటికి వస్తే మంచిది. తెంపేది అన్నిటికన్నా కడాకు. అర్థమయిందా?"

"అయింది సార్. అత్తగారింట్లో అల్లుడిని లేపినట్టు."

"ఆఁ, అట్లనే. మెడబట్టి గెంటొద్దు."

అసలు అందరినీ బయటికి పిలవడం ఎందుకంటే, కరెంటు పోయినప్పుడల్లా సర్వరు లోపలి సూచిక చెదిరేది. పుస్తకంలో విషయసూచిక ఒక పేజీ చెప్తే, ఆ పేజీలో ఇంకేదో ఉన్నట్టన్నమాట. పంచె నంబరు కొడితే తువ్వాలు పేరు, తువ్వాలు రేటు వచ్చి కూర్చునేవి. వారానికోసారి ఆ సూచికను కొత్తగా కట్టాలి. కట్టేటప్పుడు సరుకు ఫైలు ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు. ఒక్కరు పట్టుకుని ఉన్నా సర్వరు మొండికేస్తుంది. శనివారం తెల్లవారితే ఆంబూరు, వేలూరు, చిత్తూరు వ్యాపారులు తలుపు తియ్యకముందే అరుగు మీద కూర్చుంటారు గనక, పైగా మంచిరోజని, ముదలాళి ఆ పనికి శుక్రవారం సాయంత్రం నిర్ణయించాడు. పెద్ద గుళ్ళో "జరగండి, జరగండి" అని భక్తులను నెట్టేవాడిలా నేను శుక్రవారం సాయంత్రం సీటు సీటుకీ తిరిగేవాణ్ణి.

బిల్లు సీటులో ఒకామె ఉండేది. తొండియార్‌పేట నుంచి వచ్చేది. భర్త హార్బరులో మూటలు మోసేవాడు. నడుం దెబ్బతిని ఇంట్లో పడుకున్నాక ఇల్లు ఈమె జీతం మీద నడుస్తోంది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆదివారం చర్చికీ మిగతా రోజులు మా అంగడికీ ఒకే నిమిషానికి చేరే మనిషి.

"అక్కా, బయటికి రా. సూచిక కట్టాల."

"వస్తా ఉండారా. ఈ వేలూరాయన బిల్లు కానీ. నువ్వు చుమ్మా ఊరికే నా తల మీద నిలబడుకోవద్దు."

"నిలబడకపోతే ఈడనే కాపురం పెట్టేస్తావు."

"పెడితే అద్దె నీ జీతంలో పట్టుకోమంటాలే, పో."

ఇంత మాట అన్నా, బిల్లు ముగించి, ప్రోగ్రాము నుంచి ముచ్చటగా బయటికి వచ్చి, "ఇంక నువ్వూ నీ సర్వరూ ఏమైనా చేసుకోండి" అనేది. గోడౌనువాళ్ళూ వచ్చేవాళ్ళు, గుమాస్తా గొణుగుతూ వచ్చేవాడు. ఒక ఎండాకాలం నుంచి లిస్టులో ఒక్క పేరు మాత్రం కదలడం మానేసింది. మేడ.

అన్నం తింటూ కూడా సరుకు చూసుకోవాలని ముదలాళికి కోరిక పుట్టి, మేడ మీద హాల్లో ఒక కంప్యూటరు పెట్టించాడు. ఆయన సరదా కొన్నాళ్ళలో తీరిపోయింది. ఆ తరవాత అది వాళ్ళమ్మ చేతికి చిక్కింది. ఆవిడను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. సరుకు జాబితా తెర నిండా పచ్చటి అక్షరాల్లో నిలబడితే ఆవిడ కంటికి గోడౌను నిండినట్టే. చదవడం రాదు, అవసరమూ లేదు. నిండుగా ఉందా లేదా, అంతే చూసేది. శుక్రవారం దీపం పెట్టాక ఆ ఇంట్లో ఏదీ ఖాళీగా కనిపించకూడదు. బిందె నిండుగా ఉండాలి, బియ్యం డబ్బా నిండుగా ఉండాలి, ఇప్పుడు తెర కూడా. ప్రోగ్రాము మూస్తే నల్లటి తెర మూల చిన్న గీత ఒకటి మిణుకుమంటుంది. అది బోసి. శుక్రవారం తెర బోసిపోకూడదు. కరెంటు పోయి వస్తే మనవరాలి చేత వెంటనే మళ్ళీ జాబితా తెరిపించేది. పూలు చుట్టి, బొట్టు పెట్టి, ఇంక శనివారం పొద్దెక్కేదాకా ఎవరినీ తాకనిచ్చేది కాదు. అంటే సూచిక కట్టాల్సిన వేళకు సరుకు ఫైలు పెద్దమ్మ పిడికిట్లో ఉండేది.

కరెంటు పోవడం కూడా ఆ ఎండాకాలమే ముదిరింది. సూచిక చెదరడమే గాని కట్టడం లేదు. ఇక శనివారాలు చూడాలి.

ఒక శనివారం ఆంబూరు వ్యాపారి పంచెల బేళ్ళు చెప్పాడు. అక్క నంబరు కొట్టింది. బిల్లు వచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చదివి, అంగడంతా వినబడేలా అన్నాడు:

"ఏమ్మా, మా ఊర్లో మొగోళ్ళకంతా పావడాలు కట్టేస్తామని అనుకున్నారా ఏంది?"

అరుగు మీద వ్యాపారులంతా గొల్లున నవ్వారు. జోకు బాగానే ఉంది, నాకే నవ్వొచ్చేది, ఆ తరవాత జరిగింది జరగకపోతే. ముదలాళి గల్లా మీద నుంచి లేచాడు.

"కండ్లు ఏడ పెట్టుకోని కొడతా ఉండావు?"

"నేను కొట్టింది పంచె నంబరే అయ్యా. ఇదో, చూడండి..."

"ఓహో. అయితే మిషను అబద్ధం చెప్తా ఉండాదా? మిషనుకు నీ మీద పగా?"

"పగని కాదయ్యా, లోపల ఏదో..."

"నోరు ముయ్యి! గుడిసెల్లో నించి తెచ్చి సీట్లో కూర్చోబెట్టినాను చూడు, నాది బుద్ధి తక్కువ. ఇంకొక్క బిల్లు ఇట్ల పడిందంటే ఇంటికి పోతావు. చెప్తా ఉండా, ఈళ్ళంతా సాక్షి."

ఆ సాక్షులు తలలూపారు. ఏ ఊరి పంచాయతీ తీర్పుకైనా ఇంత తొందరగా తలలూగవు. అక్క మొహం తెల్లగా పాలిపోయింది. ఆ బిల్లు చించి, సరైన పేరు, రేటు చేత్తో రాసి ఇచ్చింది. ఆమె పదో తరగతి పాసయిన మనిషి. ఆ అంగట్లో తప్పులేకుండా ఇంగ్లీషు స్పెల్లింగు రాయగలిగింది ఆమె ఒక్కతే.

వ్యాపారులు వెళ్ళాక నేను గల్లా దగ్గరికి పోయాను.

"అయ్యా, తప్పు అక్కది కాదు. సూచిక చెదిరిపోయి ఉండాది. శుక్రవారం మేడ మీద కంప్యూటరు మూసేస్తే నేను కడతాను."

ముదలాళి మేడ మెట్లవైపు చూశాడు. గొంతు అప్పుడే సగానికి దిగింది. "అమ్మకు చెప్పినావా?"

"మీరు చెప్తే బాగుంటాది కదయ్యా."

"నేనా?" అన్నాడు, నేనేదో ఆయన్ను సముద్రంలో దూకమన్నట్టు.

"పోనీ రోజు మార్చండి. ఒక రోజు ముందు, బేస్తవారం కట్టుకుంటా."

"శుక్రవారం మంచిరోజని చూసి మొదలుపెట్టిన పని. మార్చేదానికి లేదు. నువ్వే పోయి అమ్మకు చెప్పుకో."

తొండియార్‌పేట ఆడమనిషి మీద అరవడానికి అంత గొంతుంది. తల్లితో ఒక్క మాట చెప్పడానికి నేను కావాలి! సరే, పోయాను.

పెద్దమ్మ నన్ను చెడ్డగా చూడలేదు. మజ్జిగ ఇప్పించింది. నేను చెప్పిందంతా విని, "దాన్ని మూసేస్తే ఏం కనిపిస్తాది?" అంది.

"ఏం కనిపించదు పెద్దమ్మా. ఒక గీత."

"ఇంకేం మరి. శుక్రవారం పూట నా ఇంట్లో గీతేంది?"

అక్కడితో ఊరుకోలేదు నేను. నాకొక ఉపాయం తట్టింది. సరుకు ఫైలును తాకకుండా తెర నిండా ఏదో ఒకటి ఉంటే చాలు కదా. రెండు మధ్యాహ్నాలు కూర్చుని నక్షత్రం గుర్తులతో ఒక దీపపు సెమ్మె తయారుచేశాను. పైన వత్తి, చుట్టూ కిరణాలు, కింద పీట, తెర అంచుల దాకా చుక్కలు. సాఫ్ట్‌వేరు ఆయన చూసి వీపు తట్టాడు. పెద్దమ్మ తెరకు దగ్గరగా వంగి పై నుంచి కింద దాకా చూసింది. మెచ్చుకుందనే అనుకున్నాను.

"బాగుండాది నాయనా. కానీ ఇది ముగ్గు. ముగ్గు వాకిట్లో ఉంటాది. ఇంట్లో ఉండాల్సింది సరుకు. సరుకేది?"

 మజ్జిగ తాగి దిగొచ్చాను.

శుక్రవారం మళ్ళీ వచ్చింది. ఆ వారమంతా కరెంటు ఆటలాడింది. మధ్యాహ్నం అక్క ఒక నంబరు కొట్టి చూపించింది. దుప్పటికి చేతిగుడ్డ వచ్చింది. మర్నాడు శనివారం. అక్క నవ్వడానికి ప్రయత్నించింది. "రేపటితో నాకు సెలవులేరా తమ్ముడా. మా ఆయన సంతోషిస్తాడు, కంపెనీ దొరికిందని."

నేను సాఫ్ట్‌వేరు ఆయనకు ఫోను చేశాను.

"మేడ మీద ఎవరైనా టైపు చేస్తా ఉండారా?" అన్నాడు.

"టైపా? బొట్టు పెడతా ఉండారు."

"చుమ్మా చూస్తా ఉండేదేనా? అయితే ఫైలుకేం కాదు. అడిగినావు, చెప్పినావు, దీపం కూడా గీసినావు. ఇంక తెంపు."

అక్క, గుమాస్తా, గోడౌను అందరూ బయటికి వచ్చారు. లిస్టులో మేడ ఒక్కటే మిగిలింది. దాని మీద ఆగి డిలీట్ నొక్కాను. పేరు పోయింది. వెంటనే సూచిక కట్టడం మొదలుపెట్టాను. అది నెమ్మదిగా సాగే పని. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతూ ఉంటాయి, మనం చూస్తూ ఉండాలి.

మేడ మీద కంప్యూటరు కుయ్యిమంది. కాసేపటికి మెట్ల మీద కడియాల చప్పుడు. పెద్దమ్మ అంగట్లోకి దిగడం నేను అంతకుముందు చూడలేదు. వెనకే పనిమనిషి, చేతిలో సాంబ్రాణి ధూపం. శుక్రవారం సాయంత్రం ఆ పొగ అంగడంతా తిప్పడం వాళ్ళ అలవాటు.

"ఎవురురా నా తెరను బోసి చేసింది?"

"నేనే పెద్దమ్మా."

ముదలాళి పరుగెత్తుకొచ్చాడు. "ఆపరా! ఆపి పైకి మళ్ళీ ఇయ్యి!"

"సగంలో ఆపితే ఇప్పుడు వంకరగా ఉండేది పూర్తిగా విరిగిపోతాదయ్యా. కొంచెం ఓపిక పట్టండి."

నా మీద చెయ్యి ఎత్తలేడు. నన్ను పంపిస్తే మర్నాడు సర్వరు తెరిచే దిక్కులేదు. అందుకని అక్కవైపు తిరిగాడు. కట్టడం అయ్యాక నంబర్లు సరిచూద్దామని, పాపం, ఆమె తన సీట్లోనే కూర్చుని ఉంది, ధూపం పొగ మధ్యలో.

"ఇదంతా నీ పని. నీ తప్పు కప్పెట్టుకునేదానికి వీణ్ణి ఎగదోసినావు. రేప్పొద్దున నా అంగడి మెట్టెక్కొద్దు!"

అక్క తలెత్తి చూసింది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. పెద్దమ్మ అది చూసింది. ఆవిడ గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"ఏమిరా! దీపాలు పెట్టినాక, శుక్రవారం పూట, నా గడప లోపల ఆడబిడ్డను ఏడిపిస్తావా? ఈ పిల్ల కన్నీళ్ళు ఈడ పడినాక తెర నిండితే ఎంత, ఎండితే ఎంత?"

"అది కాదమ్మా, ఈమె..."

"చుమ్మా ఉండు. నువ్వు కండ్లు తుడుచుకో తల్లీ, నీ పని ఏడికీ పోదు." నావైపు తిరిగింది. "ఒరేయ్, ఆ కట్టేదేదో బేస్తవారం కట్టుకుంటే కాదా?"

"అవుతాది పెద్దమ్మా," అన్నాను.

"సరేమ్మా, బేస్తవారమే," అన్నాడు ముదలాళి.

అయిపోయింది! నేను అడిగినప్పుడు మార్చడానికి లేని రోజు, శాస్త్రం ప్రకారం మొదలుపెట్టిన రోజు, తల్లి ఒక్క మాటకు పక్కకు జరిగి కూర్చుంది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పెద్దమ్మ భయమంతా గడప గురించి. అక్క ఏం తప్పు చేసింది, అసలు చేసిందా, ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పెద్దమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, అరటిపండు తెప్పించి ఇచ్చింది. అక్క అరటిపండు తీసుకుని మిగతావి నమస్కారంతో వదిలేసింది.

సూచిక ముగిసింది. పంచెకు పంచె, దుప్పటికి దుప్పటి. బస్టాపు దాకా తోడు వెళ్ళాను.

"ఊరుకో అక్కా, ఏడవద్దు. పని నిలబడింది కదా."

"ఏడ్చింది ఎవుర్రా?" అంది, పండు వలుస్తూ. "సాంబ్రాణి పొగ! కండ్లు మండి చస్తా ఉంటే వాళ్ళు ఏడుపనుకున్నారు. ఈళ్ళ కోసం ఏడ్చేదానికి నాకు టైమేడుంది?"

పగలబడి నవ్వాం. బస్టాపులో జనం తిరిగి చూశారు. సగం పండు నా చేతిలో పెట్టి, కాస్సేపటికి అంది: "పని ఉండాది సరే. ఆంబూరాయన ముందర ముదలాళి అన్నాడు చూడు, ఆ మాట ఏం కావాల?"

తరవాతి వారం ఆమె గల్లా ముందు నిలబడి అదే అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యా, బిల్లు తప్పు నాది కాదని మీకూ తెలిసిపోయింది. వ్యాపారుల ముందర అన్నారు. శనివారం వాళ్ళ ముందరే నా తప్పు లేదని ఒక్క మాట చెప్పండి."

ముదలాళి నేనేదో జోకేశానేమో అన్నట్టు ముందు నా మొహం చూశాడు. తరవాత నవ్వాడు. "నేనా? వాళ్ళ ముందరా? బాగుండాదమ్మా నువ్వు చెప్పేది! నీ పని నీకిచ్చినాను కదా, ఇంకేం కావాల?"

"ఆ మాటే కావాలయ్యా."

"పో, పో, బిల్లు చూడు."

నెల తిరిగేసరికి ఆమె పురసవాక్కంలో చీరల అంగడికి బిల్లు సీటు చూసుకుని వెళ్ళిపోయింది. ముదలాళి ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, నటన కాదు. "ఈమె కోసం మంచిరోజును కూడా మార్చినాను. ఏం తక్కువ చేసినాను చెప్పు?" అని నన్ను అడిగాడు. కోపంతో గోడౌనులోకి పోయి, ఎవరూ చెప్పకుండానే మూటలు కట్టాను. నా జన్మలో అదొక వింత.

కొత్తామె వచ్చింది. గురువారాలు సూచిక కడుతున్నాను, బిల్లులు చక్కగా పడుతున్నాయి. ఒక శనివారం ఆంబూరు వ్యాపారి తన బిల్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని సంతోషించాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది. ఆ తప్పుతప్పుగా కొట్టే ఆమెను తీసేసినారా? మంచి పని చేసినారు."

అరుగు మీద వ్యాపారులు తలలూపారు. ముదలాళి గల్లా సర్దుకుంటూ, విననట్టు, ఏమీ అనలేదు. ఒక్క మాట చాలు. అనలేదు.

నేను వెళ్ళి ఆ ఆంబూరాయన చేతిలో బిల్లు లాక్కున్నాను.

"ఏందిరా ఇది?" అన్నాడాయన.

"కూర్చోండి పెద్దాయనా. ఇస్తాను. మీరంతా కూడా ఇట్ల రండి. ఆమె ఒక్క బిల్లు కూడా తప్పు కొట్టలేదు. ఎవురు తప్పు చేసినారో చెప్తాను, వినిపోండి."

"ఒరేయ్!" అన్నాడు ముదలాళి.

ఆయనవైపు చూడలేదు నేను. మేడ మీది తెర దగ్గర మొదలుపెట్టి, మేడ మీదికి కూడా వినబడే గొంతుతో, ఒక్క జోకు కూడా లేకుండా మొత్తం చెప్పాను.